ఆక్సిజన్ సెన్సార్ నంబరు ఎవరి సొత్తు?

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలుగుతుంది. స్కానర్ పెడితే ఆక్సిజన్ సెన్సార్‌కు సంబంధించిన కోడ్ ఏదో కనిపిస్తుంది. ఆ తరువాతి తంతు కారున్న వాళ్లందరికీ తెలిసిందే. పాత సెన్సార్‌ను ఊడదీస్తారు, ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న పెట్టె విప్పుతారు, నాలుగు తీగలు కత్తిరించి అతికిస్తారు. దీపం ఆరిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది. అప్పుడు తిట్లు తినేది సెన్సారే. నా లెక్కలో అసలు దోషి ఆ పెట్టె. దానికంటే పెద్ద దోషి, సరైన సెన్సార్ ఏదో కారు యజమానికి తెలియనివ్వని వ్యాపార పద్ధతి.

ముందుగా ఒక మాట. సెన్సార్ కొలిచేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను మాత్రమే. పెట్రోలు ఎంత ఉందో దానికి తెలియదు. ఒక సిలిండర్‌లో స్పార్క్ సరిగా పడక మంట అంటుకోలేదనుకోండి, అందులోని ఆక్సిజన్ అంతా ఖర్చు కాకుండానే బయటికి వస్తుంది. దానితో పాటు కాలని పెట్రోలూ వస్తుంది. కానీ సెన్సార్ కళ్లకు ఆక్సిజనే కనిపిస్తుంది కాబట్టి ‘పెట్రోలు చాలడం లేదు’ అని కబురు పంపుతుంది. కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోస్తుంది. సెన్సార్‌కు ముందున్న పైపుకు పగులు పడి బయటి గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే కథ. పీ0171, అంటే పెట్రోలు చాలడం లేదన్న కోడ్ చూసి సెన్సార్ మార్చడమంటే అత్త మీద కోపం దుత్త మీద చూపడమే. అదే పీ0133 వస్తే, అంటే సెన్సార్ స్పందన మందగించిందని వస్తే, అనుమానించడంలో అర్థం ఉంది. పీ0135 అయితే సెన్సార్‌ను వేడిగా ఉంచే హీటర్ సర్క్యూట్ గురించిన ఫిర్యాదు. అప్పుడు కూడా ముందు ఫ్యూజు చూడాలి.

సరే, సెన్సార్ నిజంగానే పోయింది. ఏది కొనాలి? 1976లో బాష్ కంపెనీ తయారుచేసిన మొదటి ఆక్సిజన్ సెన్సార్ వోల్వో కార్లలోకి వచ్చింది. అప్పట్లో దానికి ఉన్నది ఒకే తీగ. జర్కోనియా పింగాణీకి ప్లాటినం పూత, లోపల బయటి గాలి, వెలుపల పొగ, రెండింటి తేడాకు తగిన వోల్టేజి. గాలి, పెట్రోలు 14.7కు 1 నిష్పత్తిలో ఉన్నచోట ఆ వోల్టేజి ఒక్కసారిగా మారిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టుల వైపు, తక్కువైతే 0.1 వైపు. అటువంటి సెన్సార్ ఉన్న పాత కారుకు ఏ మంచి కంపెనీ సెన్సార్ పెట్టినా పని జరిగిపోయేది. ‘అన్నిటికీ ఒకటే’ అన్న ఆలోచన పుట్టింది ఆ కాలంలోనే. కాలం పోయినా ఆలోచన పోలేదు.

ఇప్పటి సెన్సార్ తీగలను దగ్గరగా చూడండి. బాష్ నాలుగు తీగల సెన్సార్‌లో రెండు తెల్ల తీగలు హీటర్‌వి, నల్లది సిగ్నల్, బూడిద రంగుది దాని గ్రౌండ్. డెన్సో అనే ఇంకో కంపెనీ సెన్సార్‌లో రెండు నల్ల తీగలు హీటర్‌వి, నీలం రంగుది సిగ్నల్, తెల్లది గ్రౌండ్. అంటే ఒకరి దగ్గర కబురు మోసే నల్ల తీగ ఇంకొకరి దగ్గర పన్నెండు వోల్టుల హీటర్ కరెంటు మోస్తుంది. రంగు చూసి రంగుకు కలిపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పట్టిక చూసి సరిగ్గా కలిపారనే అనుకుందాం. అయినా గండం గడవలేదు. చాలా సెన్సార్లు పోలికకు కావలసిన బయటి గాలిని తమ తీగల వెంటే, లోహపు పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయి. అతుకు గట్టిగా ఉండాలని శ్రద్ధగా సోల్డర్ చేసిన మెకానిక్ ఆ సందులు పూడ్చేస్తాడు. పని ఎంత నీటుగా చేస్తే సెన్సార్‌కు అంత ఊపిరాడదు! కనెక్టర్‌లో గ్రీజు నింపినా ఇదే ప్రమాదం.

వైడ్‌బ్యాండ్ సెన్సార్ల సంగతి మరీ విచిత్రం. సాధారణంగా ఐదారు తీగలతో ఉండే ఇవి పెట్రోలు ఎక్కువా తక్కువా అని చెప్పి ఊరుకోవు, ఎంత ఎక్కువో ఎంత తక్కువో చెబుతాయి. బాష్ ఎల్‌ఎస్‌యూ రకం తీసుకోండి. తయారయ్యే ప్రతి సెన్సార్‌కూ మరోదానితో చిన్న తేడా ఉంటుంది కనుక, ఆ తేడాకు సరిపడే రెసిస్టర్‌ను ఫ్యాక్టరీలోనే దాని కనెక్టర్‌లో అమరుస్తారు. కనెక్టర్ కత్తిరించి పాత కారుది అతికిస్తే, కొత్త సెన్సార్‌కు పాత సెన్సార్ కొలత అంటగట్టినట్టే. టొయోటా నంబర్లు చూసినా విషయం తేటపడుతుంది. 89465తో మొదలయ్యేది మామూలు ఆక్సిజన్ సెన్సార్, 89467తో మొదలయ్యేది గాలి-ఇంధన నిష్పత్తి సెన్సార్, అంటే వైడ్‌బ్యాండ్ రకం. చూడడానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పని మాత్రం వేరు.

యూనివర్సల్ సెన్సార్ చవక, కారే పాతదైతే దానికి ఖరీదైన సెన్సార్ దేనికి అంటారు కొందరు. ఒకటి రెండు తీగల కాలం నాటి కారు అయితే ఒప్పుకుంటాను. మిగతా వాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. నాసిరకం సెన్సార్ సాధారణంగా పూర్తిగా చచ్చిపోదు, నెమ్మదిగా స్పందిస్తుంది. కోడ్ రానంత నెమ్మది. దీపం వెలగదు, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. ఆ కన్వర్టర్‌లో ఉండేవి ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు. సెన్సార్ మీద మిగిల్చింది ఎక్కడికి పోతుందో ఇక చెప్పాలా?

కాబట్టి కొనవలసింది మీ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు అందులో ఉన్న సెన్సార్ తయారీదారు ఇచ్చేదే, అదే కనెక్టర్‌తో, అదే స్థానానికి ఉద్దేశించినదే. కన్వర్టర్‌కు ముందుదా, వెనకదా, వి ఆకారపు ఇంజిన్ అయితే మొదటి సిలిండర్ ఉన్న వైపుదా, అవతలి వైపుదా అన్నది కూడా తేల్చుకోవాలి. ఇంత చెప్పాక పాఠకుడు అడిగే ప్రశ్న ఒకటే: ఆ తయారీదారు ఎవరో నాకెలా తెలుస్తుంది?

నా అసలు కోపం ఇక్కడే. ఈ సెన్సార్లు చాలావరకు కార్ల కంపెనీలు స్వయంగా చేసేవి కావు. బాష్, డెన్సో, ఎన్‌టీకే వంటి కొద్దిమంది చేస్తారు. కార్ల కంపెనీ దాన్ని తన పెట్టెలో పెట్టి, తన నంబరు వేసి, తన ధర కడుతుంది. అదే సెన్సార్ తయారీదారు పెట్టెలోనూ దొరుకుతుంది, తరచూ తక్కువ ధరకు. రెండు నంబర్లనూ కలిపే పట్టిక మాత్రం కార్ల కంపెనీ యజమాని చేతికి ఇవ్వదు. పాత సెన్సార్ విప్పి, మసి తుడిచి, షట్కోణపు అంచు మీద 0 258తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే ఇది బాష్‌ది అని ఊహించుకోవాలి. మసి కింద అంకెలు చెరిగిపోయి ఉంటే అంతే సంగతులు. నకిలీ సెన్సార్ల వ్యాపారం బతికేది ఈ చీకటిలోనే. అసలు నంబరు తెలిసిన కొనుగోలుదారు ముందు ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అన్న మాట నిలబడదు.

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. ఐరోపా సంఘం 2010లో తెచ్చిన 461వ నంబరు నిబంధన, విడిభాగం తయారుచేసిన వాడు దాని మీద తన గుర్తు కనిపించేలా వేసుకోకుండా కార్ల కంపెనీ అడ్డుపడకూడదని చెబుతోంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఫలానా బ్రాండు విడిభాగమే వాడితేనే వారంటీ అని కంపెనీ సాధారణంగా షరతు పెట్టలేదు. రెండూ మంచివే, రెండూ సగమే. గుర్తు వేసుకునే హక్కు తయారీదారుకు దక్కింది, వేరే బ్రాండు వాడుకునే వెసులుబాటు యజమానికి దక్కింది. ఏది సరిపోతుందో తెలుసుకునే హక్కు మాత్రం ఆ రెండింటిలోనూ లేదు.

కారుతో ఇచ్చే పుస్తకంలో టైరులో గాలి ఎంత ఉండాలో ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ ఏ గ్రేడుదో ఉంటుంది, వెనక దీపం బల్బు ఎన్ని వాట్లదో కూడా ఉంటుంది. అదే పుస్తకంలో ఇంకో నాలుగు వరుసలు చేర్చాలి: ప్రతి ఆక్సిజన్ సెన్సార్ స్థానం, రకం, తయారుచేసిన కంపెనీ పేరు, ఆ కంపెనీ సొంత నంబరు.