ఆఖరి ర్యాంకును తెర మీద చూపాలా?

మొన్నటి డిసెంబరు సేవా కార్యక్రమాల్లో భాగంగా, విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం కోనసీమలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో విద్యార్థులకు డిజైన్ పోటీ నిర్వహించిన సంగతి సభ్యులందరికీ తెలిసిందే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మనిషంత చెక్కు ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ ఫొటోల్లోకి రాని పావుగంట గురించి రాస్తున్నాను.

అంశాన్ని మాత్రం బాగా ఎంచుకున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టాను పోషిస్తున్న పంట కాలువలను ఇప్పుడు గుర్రపుడెక్క కమ్మేస్తోంది కనుక, దాన్ని తక్కువ ఖర్చుతో తొలగించే యంత్రాన్ని తయారు చేయమన్నారు. పిల్లలు సైకిల్ చెయిన్లతోను, పాత డీజిల్ ఇంజన్లతోను, రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ మోటార్లతోను నమూనాలు చేసుకొచ్చారు. ఒక పాలిటెక్నిక్ నుంచి వచ్చిన నలుగురు అమ్మాయిల యంత్రం నీళ్లలోకి దిగిన కాసేపటికే, పళ్లచక్రానికి వేళ్లు చుట్టుకుని ఆగిపోయింది. అయితే వాళ్ల డ్రాయింగులు అక్కడున్న అన్నింటికంటే శుభ్రంగా ఉన్నాయి. కాలువలో ఏ నెలలో ఎంత నీరుంటుందో కాలువల మీద నీటి పని చూసే లస్కర్లను అడిగి రాసుకొచ్చారు. తీసిన డెక్కను గట్టు మీద కుళ్లబెట్టి ఎరువు చేస్తే ఎంత వస్తుందో లెక్క కట్టిన జట్టు కూడా అదొక్కటే.

సాయంత్రం సభలో ర్యాంకులను పెద్ద ఎల్‌ఈడీ తెర మీద కింది నుంచి పైకి, ఒక్కొక్కటిగా, సినిమా ఆడియో వేడుకలకు పెట్టే డప్పుల మోతతో వెలిగించారు. మొట్టమొదట వెలిగింది ఆ నలుగురి ఫొటో, పేర్లు, వచ్చిన మార్కులు, 'ర్యాంకు 19'. వెనక వరుసల్లో ఈలలు పడ్డాయి. నా పక్క కుర్చీలో, పని మానుకుని లంక గ్రామం నుంచి వచ్చిన ఒక తండ్రి కూర్చున్నారు. "పంతొమ్మిదంటే ఎంతమందిలో అండీ?" అని అడిగారు. పంతొమ్మిది జట్లేనని చెప్పాను. బహుమతులు ఇవ్వడం మొదలుకాక ముందే ఆయన కూతురిని తీసుకుని వెళ్లిపోయారు. రాత్రికి ఆ తెర ఫొటో, మూలన మన సంఘం చిహ్నంతో సహా, వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది.

విదేశంలో కూర్చుని మన వైపు అలవాట్లను తప్పుపట్టడం నాకు ఇష్టముండదు. అయినా ఈ ర్యాంకుల పిచ్చిని మనమే పెంచి పోషించామని ఒప్పుకోక తప్పదు. టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి' అనే ప్రకటనలు వింటూ పెరిగిన ఊళ్లలో, ర్యాంకు రాని పిల్లవాడు ఫ్లెక్సీకే కాదు, పెళ్లి పందిట్లో పలకరింపుకు కూడా నోచుకోడు. పదో తరగతి ర్యాంకులతో ప్రకటనలు ఇవ్వవద్దని 2022లో రాష్ట్ర ప్రభుత్వమే పాఠశాలలను ఆదేశించాల్సి వచ్చింది. అదే ఊళ్లలో సంక్రాంతి ముగ్గుల పోటీకి ఇంతకంటే మంచి మర్యాద ఉంది: మొదటి మూడు ముగ్గుల పేర్లు మైకులో చదివి, మిగిలినవాళ్లందరికీ తలా ఒక స్టీలు గిన్నె ఇచ్చి పంపుతారు. నలభయ్యో ముగ్గు ఎవరిదని అడిగినవాళ్లను నేను చూడలేదు.

నిర్వాహకుల వాదనలో బలం లేకపోలేదు. జాబితా దాస్తే, తెలిసినవాళ్లకు ఇచ్చుకున్నారన్న మాట తప్పదని వారంటున్నారు. మన సంఘం ఎన్నికల లెక్కింపు చూసినవారికి ఆ మాట ఎంత సులువుగా పుడుతుందో వేరే చెప్పనక్కరలేదు. దాతలకూ లెక్క చెప్పాలి. ఇక్కడ మన పిల్లలు వెళ్లే ఫార్ములా ఎస్‌ఏఈలో, అంటే విద్యార్థులు తామే రేసు కారు తయారు చేసి నడిపే పోటీలో కూడా, చివరి స్థానం దాకా ఫలితాలు ప్రకటిస్తారు. కాని అక్కడి 1000 పాయింట్లలో డిజైన్‌కు 150, ఎక్కువ దూరం నడిపే ఎండ్యూరెన్స్ పరుగుకు 275 అని విభాగాలు ముందే తెలుసు. ఏ విభాగంలో ఎన్ని వచ్చాయో వేరుగా చూపుతారు కనుక, కారు దారిలో ఆగిపోయిన జట్టుకు కూడా తన డిజైన్ ఎక్కడ నిలిచిందో తెలుస్తుంది. మన తెర మీద ఉన్నది ఒక్క మొత్తం. యంత్రం ఆగినందుకు ఎంత పోయిందో, డ్రాయింగులకు ఎంత వచ్చిందో ఆ అమ్మాయిలకు ఎవరూ చెప్పలేదు. తర్వాత నేను అడిగి తెప్పించుకున్న మార్కుల పట్టికలో ఐదో ర్యాంకుకూ పన్నెండో ర్యాంకుకూ నడుమ ఉన్నది మూడు మార్కులే. ఒకే నమూనాకు ముగ్గురు న్యాయనిర్ణేతలు వేసిన మార్కులలోనే అంతకు మించిన తేడా కనిపించింది. అలాంటప్పుడు ఆరు, ఏడు, ఎనిమిది అని మెట్లు కట్టడానికి ఆధారమేమిటి?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. వేదిక మీద మొదటి మూడు స్థానాలనే ప్రకటించండి. మిగిలిన జట్లన్నింటినీ అకారాది క్రమంలో, మార్కులు లేకుండా, చేసిన యంత్రం పేరుతో తెర మీద చూపండి. ఏ విభాగానికి ఎన్ని మార్కులో దరఖాస్తులోనే అచ్చు వేయండి. ప్రతి జట్టుకూ విభాగాలవారీ మార్కులు, న్యాయనిర్ణేతల రెండు మాటలు ఒక కవరులో పెట్టి ఇవ్వండి. ఎవరికైనా అనుమానం ఉంటే పూర్తి పట్టిక కళాశాల కార్యాలయంలో చూసుకోవచ్చని చెప్పండి. వచ్చే పోటీ నియమావళి ముసాయిదా ఇంకా యువజన విభాగం దగ్గరే ఉందని విన్నాను. అచ్చుకు వెళ్లేలోగా ఈ మార్పులు చేర్చడానికి వ్యవధి ఉంది, అదనపు ఖర్చు పంతొమ్మిది కవర్లు.