ముగ్గురు పెద్దమనుషులు కావలెను

ఉద్యోగానికి వచ్చినవాణ్ని ఊరికే నమ్మెయ్యకూడదన్న మన హైదరాబాదు ఐటీ కంపెనీల పట్టుదలకు నా సంపూర్ణ మద్దతు. ఆ పట్టుదల ఇంకా చాలట్లేదన్నదే నా బాధ.

ఇప్పటి పద్ధతి చూడండి. రెఫరెన్సుగా ముగ్గురి పేర్లు ఇమ్మంటారు. ఆ ముగ్గురినీ అభ్యర్థే ఎంచుకుంటాడు. తనను నలుగురిలో చీవాట్లు పెట్టిన మేనేజరు పేరు ఇస్తాడా ఎక్కడైనా? రోజూ తనతో టీకి వచ్చే మిత్రుడి పేరు రాసి, హోదా దగ్గర 'టీమ్ లీడ్' అని పెడతాడు. ఫోనొస్తుంది. "మనిషి ఎలాంటివారండీ?" "బంగారమండీ." "బలహీనతలేమైనా?" "పనిలో పడితే అన్నం సంగతే మర్చిపోతాడండీ." అయిపోయింది, ఆకుపచ్చ టిక్కు. ఆర్నెల్ల తర్వాత ఆ మిత్రుడికి వీడూ ఇదే సేవ చేసిపెడతాడు. సహకారోద్యమం ఈ దేశంలో చచ్చిపోయిందన్నవాళ్లు ఒకసారి మాదాపూర్ వచ్చి చూడాలి.

కొన్ని కంపెనీలు మరింత తెలివైనవి. ఇప్పుడు పనిచేస్తున్న చోటి మేనేజరు మాటే కావాలంటాయి, అదీ ఆఫర్ లెటర్ ఇవ్వకముందే. అంటే అభ్యర్థి వెళ్లి, "సార్, మిమ్మల్ని వదిలేసి పోదామనుకుంటున్నాను, కాస్త నా గురించి నాలుగు మంచి ముక్కలు చెబుతారా?" అని అడగాలి. ధైర్యానికి ఇంతకు మించిన పరీక్ష లేదు. పైగా ఆయన కోపమొచ్చి అప్పటికప్పుడు పంపించేస్తే మూడు నెలల నోటీసు పీరియడ్ బెడద కూడా తీరిపోతుంది.

ఇక రిలీవింగ్ లెటర్, అంటే ఇతన్ని పద్ధతిగా పంపించామని పాత కంపెనీ ఇచ్చే కాగితం. పాత కంపెనీ మూతపడి, ఆ అంతస్తులో ఇప్పుడు జిమ్ నడుస్తున్నా సరే, లెటర్‌హెడ్ మీద స్టాంపుతో తేవాల్సిందే. ఎన్ని కంపెనీలు మారినా మారకుండా ఉద్యోగి పీఎఫ్‌కు యూఏఎన్ అనే పన్నెండంకెల నంబరు ఉంది, ఎక్కడ ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానేశాడో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది కదా, అది చూసుకుంటే చాలదా అంటారు కొందరు అమాయకులు. నిజమే, చాలావరకు చాలు. కానీ అంత తేలిగ్గా తేలిపోతే వెరిఫికేషన్ ఏజెన్సీలు ఏం తిని బతకాలి?

ఈ కట్టుదిట్టం వల్ల జరిగిన మేలు ఒకటి చెప్పుకోవాలి. నిజంగా పనిచేసిన కంపెనీలో హెచ్ఆర్ ఫోనెత్తరు, మెయిల్‌కు జవాబివ్వరు. నిజాయితీపరుడి ఫైలు 'పెండింగ్'లో మూలుగుతుంది. డబ్బు తీసుకుని ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీ మాత్రం రెండో రింగుకే ఎత్తుతుంది, చక్కటి ఇంగ్లీషులో, చేరిన తేదీతో సహా. ఆ అనుభవం కొనుక్కున్నవాడి ఫైలు ఆ సాయంత్రానికే క్లియర్. లేని ఉద్యోగానికి ఉన్నంత పక్కా రికార్డు, నిజంగా ఉన్న ఉద్యోగానికి లేకపోవడం మన నగరం సాధించిన ఘనత.

కంపెనీల సంగతి వేరు. వాటికి రెఫరెన్సులు అక్కర్లేదు, అవార్డులుంటాయి. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశారు: పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. అంతకు ముందు వారం అందులో చేరడానికి వచ్చిన కుర్రాణ్ని మూడు నెలల పేస్లిప్పులు అడిగే ఉంటారని నా గట్టి నమ్మకం. జాగ్రత్త అవసరం మరి.

అందుకే ఒక చిన్న సవరణ సూచిస్తున్నాను. కంపెనీ కూడా అభ్యర్థికి ముగ్గురి నంబర్లు ఇవ్వాలి: నిరుడు మానేసిన ఒకరిది, అదే మేనేజరు కింద ఇప్పుడు నలుగుతున్న ఒకరిది, రాత్రి షిఫ్టు క్యాబ్ డ్రైవర్‌ది. ఆరింటికి అయిపోయే డ్యూటీ నిజానికి ఎన్నింటికి అయిపోతుందో చివరాయనకు తెలిసినంతగా ఏ సీఈఓకీ తెలియదు.

ఈ సవరణను మా బంధువుల కుర్రాడొకడు ఇంటర్వ్యూలో ప్రయోగించాడు. "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అన్నారట చివర్లో.

"ఈ సీట్లో నాకు ముందు పనిచేసినాయన నంబరు ఇస్తారా మేడమ్?"

"సారీ అండీ, అది కాన్ఫిడెన్షియల్. మీ మేనేజరు నంబరు మాత్రం సాయంత్రంలోగా పంపించేయండి."