తెరుచుకోని వీడియో ఫైలు చెడిపోయిందనుకోవద్దు

విశాఖపట్నంలో పెళ్లిళ్ల కాలం మొదలైతే ద్వారకానగర్, గాజువాక ప్రాంతాల్లోని చిన్న ఎడిటింగ్ గదుల్లో అర్ధరాత్రి దాటినా దీపాలు ఆరవు. ఆ గదుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘ఫైలు ఎక్కడం లేదు.’ ఆ వెంటనే రెండు నిర్ణయాలు జరిగిపోతాయి. ఫైలు కరప్ట్ అయిందని ఒకటి, ఏదో ఒక కన్వర్టర్‌లో వేసి మార్చేద్దామని మరొకటి. మొదటిది చాలాసార్లు నిజం కాదు. రెండోది చాలాసార్లు అనవసరం, కొన్నిసార్లు నష్టదాయకం. లోపల ఏముందో చూడకుండానే మార్పిడికి దిగే ఈ అలవాటును మన స్టూడియోలు వదులుకోవాలన్నది నా అభిప్రాయం.

ఒక సందర్భం చూద్దాం. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో స్టూడియో కెమెరాకు పురోహితుడి భుజం అడ్డొచ్చింది. పెళ్లికూతురి మేనమామ మరో పక్క నుంచి అదే క్షణాన్ని తన ఐఫోన్‌లో తీశారు. ఆ క్లిప్పును ఎడిటింగ్ కంప్యూటర్‌లోకి తెస్తే బాజాలు చక్కగా వినిపిస్తున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. ఎడిటర్ కుర్రాడు ఫైలు పేరు చివర ఉన్న ఎంఓవీ అన్న అక్షరాలు చెరిపి ఎంపీ4 అని కొట్టాడు. ఏమీ మారలేదు. డబ్బా మీద పంచదార అని చీటీ అంటిస్తే లోపలి ఉప్పు తీపెక్కదు కదా! ఎంఓవీ, ఎంపీ4, ఎంకేవీ అన్నవి డబ్బాల పేర్లు, వాటిని కంటెయినర్లంటారు. డబ్బా లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్, ధ్వనికి మళ్లీ వేరే కోడెక్ ఉంటుంది. ధ్వని వచ్చి బొమ్మ రాలేదంటే డబ్బా సవ్యంగానే తెరుచుకుందని, బొమ్మ కోడెక్ ఒక్కటే ఆ కంప్యూటర్‌కు కొరుకుడు పడలేదని అర్థం చేసుకోవచ్చు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంలో ఆ ఫైలును తెరిస్తే అర నిమిషంలో కోడెక్ పేరు తెలిసిపోతుంది.

ఆ పేరు ఎక్కువగా హెచ్.265, అంటే హెచ్ఈవీసీ అయి ఉంటుంది. 2003లో వచ్చిన హెచ్.264తో పోలిస్తే, 2013లో వచ్చిన ఈ ప్రమాణం దాదాపు సగం పరిమాణంలోనే అదే నాణ్యతను ఇవ్వగలదు. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ దీన్ని ఐఫోన్‌లలో మనం మార్చకపోతే ఉండే డిఫాల్ట్ ఎంపికగా పెట్టింది. చిక్కంతా పేటెంట్లలో ఉంది. హెచ్ఈవీసీ హక్కులు ఒకరి చేతిలో లేవు, రాయల్టీ వసూలు చేసే కూటములే ఒకటికి మించి ఏర్పడ్డాయి. విండోస్‌లో దీన్ని తెరవడానికి కావలసిన పొడిగింపును మైక్రోసాఫ్ట్ తన స్టోర్‌లో విడిగా, కొద్దిపాటి ధరకు అమ్ముతోంది. ఆ సంగతి కంప్యూటర్ కొన్నవారికి చెప్పే నాథుడు లేడు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ అన్న చోట ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే హెచ్.264లోనే రికార్డవుతుంది, అయితే 4కె, సెకనుకు 60 ఫ్రేముల వంటి కొన్ని ఎంపికలకు హెచ్ఈవీసీ తప్పదు.

ఇక కన్వర్షన్ సంగతి. డబ్బా మార్చడం, లోపలి సరుకును మళ్లీ వండడం అన్నవి వేర్వేరు పనులు. నగరంలోని కొన్ని కోచింగ్ సెంటర్లు పాఠాలను ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేస్తాయి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రాసింది మిగులుతుందన్న కారణంతో ఎంకేవీని ఎంచుకుంటారు, అది తెలివైన పనే. కాని ఎంకేవీని చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఏళ్ల తరబడి దగ్గరికి రానివ్వలేదు. దీనికి రీమక్స్ చేస్తే, అంటే సరుకు కదపకుండా డబ్బా ఒక్కటి మారిస్తే చాలు. ఓబీఎస్‌లోనే ఆ సదుపాయం ఉంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంలో ‘కాపీ’ పద్ధతి ఉంది. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారకుండా గంట పాఠం నిమిషాల్లో ఎంపీ4 డబ్బాలోకి చేరుతుంది. దానికి బదులు కన్వర్టర్‌లో పూర్తిగా మళ్లీ ఎన్‌కోడ్ చేయిస్తే, అంటే బొమ్మనంతా తిరిగి కుదిస్తే గంటలు పడుతుంది, నాణ్యత ఒక మెట్టు దిగుతుంది. కోడెక్ మార్చక తప్పని చోట ప్రోరెస్ 422 వంటి ఎడిటింగ్ కోడెక్ మేలు; 1080పి, 25 ఫ్రేముల దగ్గర అది సెకనుకు 122 మెగాబిట్లు తీసుకుంటుంది, అంటే గంటకు సుమారు 55 గిగాబైట్లు. అన్నింటినీ గుడ్డిగా అందులోకి మార్చాలంటే ఏ చిన్న స్టూడియో హార్డ్‌డిస్కూ సరిపోదు.

ఫైలు ఎక్కాక వచ్చే తంటా మరొకటుంది. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటాయి కాబట్టి క్లిప్పు సాగేకొద్దీ మంత్రానికీ పెదవులకూ పొంతన తప్పవచ్చు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో స్థిర ఫ్రేమ్ రేటు ఎంచుకుని మార్చడం ఇక్కడ సమంజసమే.

నిజంగా విరిగిన ఫైళ్లూ ఉంటాయి, వాటి విషయంలో తొందరపాటు మరీ ప్రమాదం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిశాక ఫిషింగ్ హార్బర్ నుంచి పడవలు కదిలే దృశ్యాన్ని ఒక మిత్రుడు తీస్తుండగా కెమెరా బ్యాటరీ తుస్సుమంది. కార్డులో 3 గిగాబైట్లకు పైగా ఉన్న ఫైలు ఉంది, నిడివి మాత్రం సున్నా. మళ్లీ తీయాలంటే ఏడాది ఆగాలి. ఎంపీ4 రాసేటప్పుడు చాలా కెమెరాలు బొమ్మల్నీ ధ్వనినీ ముందు వరసగా రాసుకుంటూ పోయి, ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికను రికార్డింగ్ ఆపినప్పుడు చివర్లో చేరుస్తాయి. సాంకేతికంగా దాన్ని ‘మూవ్’ ఆటమ్ అంటారు. బ్యాటరీ అర్ధాంతరంగా పోతే సరుకంతా ఉండి సూచిక ఒక్కటే లేకుండా పోతుంది. ఇలాంటి ఫైలును ఏ కన్వర్టర్‌లో వేసినా ఫలితం శూన్యం. అదే కెమెరాతో, అవే సెట్టింగులతో, వేరే కార్డు మీద తీసిన ఒక మంచి క్లిప్పును నమూనాగా ఇస్తే అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనం సూచికను తిరిగి కట్టడానికి ప్రయత్నిస్తుంది. మా మిత్రుడు ఆ కార్డును ఫార్మాట్ చేయకుండా, దానిమీద మరేదీ రికార్డు చేయకుండా తీసి జేబులో వేసుకున్నాడు గనుకే చివరి కొద్ది సెకన్లు మినహా పడవలన్నీ దక్కాయి.

కోడెక్ లేకపోయినా, డబ్బా నచ్చకపోయినా, సూచిక పోయినా వాడేవాడికి తెర మీద కనిపించేది దాదాపు ఒకే వాక్యం: ‘ఈ ఫైలుకు మద్దతు లేదు లేదా ఫైలు పాడైంది.’ ఈ రెండింటికీ వైద్యం వేరైనప్పుడు వాటిని ‘లేదా’తో కలిపి చెప్పడం బాధ్యతారాహిత్యం. ఫైలును తిరస్కరించే ముందు సాఫ్ట్‌వేర్ దాని తలభాగాన్ని చదివే ఉంటుంది; అందులో హెచ్ఈవీసీ అని కనబడిందా, సూచిక కోసం వెదికితే దొరకలేదా అన్నది చాలాసార్లు దానికి తెలిసే ఉంటుంది. నెలనెలా చందా కట్టించుకునే సంస్థలు ఆ ఒక్క ముక్కను తెలుగులో కూడా రాసి చూపాలని అడిగే హక్కు గాజువాక ఎడిటర్‌కు ఉంది. ఆ ముక్క కనిపించి ఉంటే, ఆ కుర్రాడు ఫైలు పేరు మార్చుకుంటూ రాత్రంతా కూర్చునేవాడు కాదు.