రమ్మన్న చేయి, పొమ్మన్న చేయి

ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన ఉన్న సెయింట్ మాలో అనే పాత రేవు పట్టణంలో ఏమేమి చూడాలో బావగారు పారిస్‌లోనే గంటల లెక్కన రాసి పెట్టుకున్నారు. కోటగోడల మీద ప్రదక్షిణ, కెథెడ్రల్‌లో పాతకాలపు నావికుడు జాక్ కార్టియే సమాధి, వగైరా. అన్నిటికంటె ముందు గ్రాండ్ బే. అక్కయ్య మోకాళ్ళ నొప్పులని చెప్పి కోటగోడ మీదనే కూర్చుండిపోయింది. ఆ ఇంట్లో వివేకం ఎవరి వాటాకు వచ్చిందో దీనినిబట్టి గ్రహించవచ్చును.

గ్రాండ్ బే అనేది ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న రాతి దిబ్బ. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు రాళ్ళు పరచిన బాట ఒకటి బయటపడుతుంది కనుక నడిచి వెళ్ళవచ్చును; పోటు వస్తే అది దీవి. పెద్ద పోట్ల రోజులలో ఇక్కడ నీటిమట్టం 12 మీటర్లకు పైగా లేచి పడుతుంది. ఆ నీటి బలంతోనే పక్కనున్న రాన్స్ నది ముఖద్వారం వద్ద 1966 నుండి 240 మెగావాట్ల విద్యుత్కేంద్రం నడుస్తోంది. కాకినాడ తీరంలో పెరిగిన మా బోటివారికి సముద్రం ఇంత దూరం వెళ్ళి మళ్ళీ వస్తుందంటే నమ్మకం కుదరదు. ఇక ఆటుపోట్ల వేళల పట్టికలు రెండు రకాలు. వేసవిలో ఇక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు; కొన్నిటిలో ఆ వేసవి గంటను కలిపే అచ్చువేస్తారు. కొన్నిటిలో చదువుకునేవాడే కలుపుకోవాలి. ఒకే సముద్రానికి రెండు రకాల పట్టికలు ఎందుకో ఆ అచ్చువేసేవారికే తెలియాలి. బావగారి చేతిలో ఉన్నది గంట కలిపినది. ఆయన దానికి మరొక గంట కలిపారు. లెక్కలలో ఆయనను శంకించే ఆచారం మా ఇంట్లో లేదు.

దిబ్బ మీద రచయిత శాతోబ్రియాన్ సమాధి ఉన్నది. 1848లో పోయిన ఆయన, తనకు సముద్రమూ గాలీ తప్ప మరేమీ వినిపించకూడదని కోరుకున్నాడట. అందుకే పేరైనా లేని రాతి శిలువ, పక్కన ఆ కోరికను మన్నించమని బాటసారులకు విన్నపం. ఆ శిలువ పక్కనే నిలబడి బావగారు ఫోనులో తమ ఆఫీసు బదిలీల గురించి చాలాసేపు మాట్లాడారు. దిగి వచ్చేసరికి బాట నడిమి భాగం కనిపించలేదు.

అప్పుడు జరిగినదానిని కొంచెం వివరంగా చెప్పాలి. అవతల బోన్‌సెకూర్ బీచిలో ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, చేయి ముందుకు చాచి, అరచేయి కిందికి పెట్టి, వేళ్ళను గబగబా ఆడించింది. మన ఊళ్ళలో ఆ సైగకు ఒకటే అర్థం: రా, రా, త్వరగా రా. ఫ్రెంచివారి చేతులు పొమ్మనడానికి కూడా అదే పని చేస్తాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయా, బయటికి విసురుతున్నాయా అన్నదే తేడా, అంత దూరం నుండి ఆ తేడా గద్దకు కూడా తెలియదు. “రమ్మంటోందోయ్,” అన్నారు బావగారు. “పొమ్మంటోందేమోనండీ,” అన్నాను. “ఎవరైనా ముక్కూమొహం తెలియనివాళ్ళను పని గట్టుకుని పొమ్మంటారా?” అన్నారాయన. నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బూట్లు చేతబట్టుకుని దిగాను, ఆయన నా భుజం పట్టుకుని వెనకాల దిగారు. చీలమండల దాకా వచ్చిన నీళ్ళు పది అడుగులు వేసేసరికి మోకాళ్ళు దాటాయి. ఆవిడ ఇప్పుడు రెండు చేతులూ ఆడించసాగింది. “చూశావా, ఎంత ఆప్యాయంగా పిలుస్తోందో,” అంటూ బావగారు తామూ చేయి ఊపారు. దానితో పాటు నా భుజమూ ఊగింది, కుడికాలి బూటు నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. 1800లో మన బంగాళాఖాతంలో కెంట్ అనే ఇంగ్లీషు నౌకను పట్టుకుపోయిన సుర్కూఫ్ ఈ ఊరివాడే; పరాయివాళ్ళ సొమ్ము పట్టుకుపోవడం ఇక్కడి నీళ్ళకు కూడా అలవాటు కాబోలు.

వెనక్కి ఎక్కాము. తరువాతి ఆటు దాకా సుమారు ఆరు గంటలు. దిబ్బ మీద అంగడి లేదు. సెయింట్ మాలోలో చూడవలసినవాటిని నేను ఆ విధంగా బయటి నుండి చూశాను. 1944 ఆగస్టులో గోడల లోపలి ఊరు చాలావరకు కాలి కూలిపోగా, యుద్ధం తరువాత పాత తీరులోనే గ్రానైటుతో మళ్ళీ కట్టారు. ఎంతసేపు చూసినా అది తిరిగి కట్టిన ఊరని తెలియదు, నేను చాలాసేపే చూశాను. ఒకప్పుడు రాత్రివేళ ఈ తీరంలో కాపలా కుక్కలను వదిలేవారనీ, 1770లో వాటిని మాన్పించారనీ బావగారు నాకు ధైర్యం చెప్పారు.

చీకటి పడే వేళకు బాట తేలింది. బూట్ల దుకాణాలన్నీ మూసేశారు. అక్కయ్య మా జలవిహారాన్ని మొదటి నుండీ వీడియో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది, కాకినాడ నుండి పెద్దమ్మ దానికి జవాబు కూడా రాసింది: “పాపం ఆవిడ అంత మర్యాదగా రమ్మంటుంటే మీరు వెళ్ళరేమర్రా?”

బావగారు ఆ ఫోను నా మొహం ముందు పెట్టి, “చూశావా?” అన్నారు.