ఉండండి, పక్క కొట్లోంచి తెప్పిస్తా

మా అమ్మ మిక్సీకి పదిహేనేళ్లు. పోయిన నెలలో మోటారు మీద జార్‌ని పట్టి తిప్పే నల్ల కప్లర్ పళ్లు అరిగిపోయాయి. మోటారు గిర్రున తిరుగుతోంది, జార్ మాత్రం కదలదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఆ మోడల్ ఆగిపోయింది, పార్ట్స్ రావు, కొత్తది తీసుకోండి అన్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే అలాంటివే ఇరవై రకాలు కనిపించాయి. ఏది పడుతుందో చెప్పేవాళ్లు లేరు. చివరికి మిక్సీని సంచిలో పెట్టుకుని హైదరాబాద్‌లోని కోఠి బయల్దేరాను.

ట్రూప్ బజార్ పక్క సందులో ఒక కొట్టు. వెడల్పు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. యజమాని కప్లర్‌ని బొటనవేలితో ఒకసారి తడిమి చూశాడు. దాని మర ఉల్టా ఉంటుంది, మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఆయన ఉల్టా తిప్పి రెండు క్షణాల్లో ఊడదీశాడు. డబ్బాలు వెతికి, "నా దగ్గర అయిపోయింది. ఉండండి, పక్క కొట్లోంచి తెప్పిస్తా" అని స్టూలు చూపించాడు. పాత ముక్కని గుప్పిట్లో పట్టుకుని కుర్రాడు సందులోకి పరిగెత్తాడు. మూడు నాలుగు నిమిషాల్లో రెండు కప్లర్లు తెచ్చాడు. మొదటిది పట్టలేదు. రెండోది టక్కున కూర్చుంది. 60 రూపాయలు తీసుకున్నారు. మిక్సీ ఆన్ చేసి చూపించి మరీ ఇచ్చారు.

ఇక్కడ నన్ను ఆలోచనలో పడేసింది ఆ పక్క కొట్టు. అది ఈయనకి పోటీ. అదే సరుకు, అదే సందు, అదే గిరాకీ. నన్ను అటు పంపేస్తే బేరం పోతుంది. లేదు అని చెప్పేస్తే నేను మళ్లీ రాను. ఈయన ఆ రెండూ చేయలేదు. అవతలి కొట్టు సరుకుని తన సరుకులాగే అమ్మాడు. సాయంత్రం షట్టర్ దించేముందు ఇద్దరూ లెక్క చూసుకుంటారు. రేపు ఆయన దగ్గర లేనిది ఈయన దగ్గర దొరుకుతుంది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఆ సందులో ఇదంతా రోజూ జరిగేదే.

లోకల్ షాపుల్ని కాపాడుకోవాలి అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా మన కళ్ల ముందు ఒక కొట్టు, ఒక పెద్దాయన, ఒక గల్లా పెట్టె కనిపిస్తాయి. నా అభిప్రాయంలో మనం కాపాడుకోవాల్సింది వీధిని. హైదరాబాద్‌లో చిన్న వ్యాపారి ఇన్నాళ్లు నిలబడింది ఒంటరిగా కాదు, తనలాంటి యాభై మంది పక్కన నిలబడ్డాడు కాబట్టి. ఆ వీధి చెదిరిపోతే, లోపల ఎంత నిజాయితీపరుడున్నా ఆ కొట్టు బతకదు.

ఈ ఊరి పేర్లలోనే ఆ సంగతి ఉంది. ఆబిడ్స్ అనేది అసలు ఒక కొట్టు పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ షాపు పెట్టాడు. ఆ షాపు ఎప్పుడో పోయింది, పేరు పేటకి మిగిలిపోయింది. సుల్తాన్ బజార్ ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ బజారు. 1933లో నిజాంకి తిరిగి అప్పగించాక ఆ పేరు వచ్చింది. బేగంబజార్ స్థలం రెండో నిజాం భార్య హమ్దా బేగం వ్యాపారులకు ఇచ్చిందంటారు. మొజంజాహీ మార్కెట్‌ని 1935లో కట్టించి ఏడో నిజాం తన కొడుకు పేరు పెట్టాడు. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఒక కుటుంబం 1953లో ఆ పక్కనే కరాచీ బేకరీ తెరిచింది. బయటి నుంచి వచ్చిన వాళ్లకి ఈ ఊరు మొదట చోటిచ్చింది బజార్లోనే. ఉద్యోగం ఇప్పించేవాళ్లు లేనివాళ్లు ఒక షట్టర్ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

ఒక సరుకుకి ఒక వీధి అనే పద్ధతి ఇప్పటికీ చాలా చోట్ల అలాగే ఉంది. మోటార్లు, పంపులు, బోల్టులు, నట్లు అయితే రాణిగంజ్. కంప్యూటర్ బాగు చేయించాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సెల్‌ఫోన్‌కి జగదీష్ మార్కెట్, సౌండ్ సిస్టమ్‌కి గుజరాతీ గల్లీ. స్టీలు సామాన్లు, డ్రై ఫ్రూట్స్, పెళ్లి సరంజామా అంతా బేగంబజార్. పాత పుస్తకాలకి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఇలా ఒకేచోట చేరడంలో కొనేవాళ్లకి లాభం ఉంది. నాలుగు కొట్లు తిరిగితే ధర తెలిసిపోతుంది, మోసం చేయడం కష్టమవుతుంది. అమ్మేవాళ్ల లాభం ఇంకా పెద్దది. ఒక కొట్టు అన్ని రకాలూ పెట్టుకోనక్కర్లేదు, వీధి మొత్తం కలిసి ఒక పెద్ద గోడౌన్. హమాలీ, ట్రాలీ ఆటో, రిపేర్ మేస్త్రీ, టీ కుర్రాడు అందరికీ ఉమ్మడి. పని నేర్చుకునే కుర్రాళ్లకి అదే బడి.

చార్మినార్ పక్కన గాజులమ్మే లాడ్ బజార్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మొన్న మా మేనకోడలికి గాజులు కొనడానికి వెళ్లాం. కొట్లో పెద్దాయన టేపు తీయలేదు. "బేటా, హాత్ దేవ్" అని చెయ్యి అందుకుని, బొటనవేలిని లోపలికి మడిచి, వేళ్ల మొదళ్ల దగ్గర మెల్లగా నొక్కి చూసి, లోపలికి తిరిగి "దో చే" అని కేకేశాడు. అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు. సరిగ్గా సరిపోయాయి. పక్కన ఒక కార్ఖానాలో బొగ్గుల కుంపటి మీద లక్కని కాచి, మెత్తబడ్డాక సన్నటి కడ్డీలా సాగదీసి, వేడి తగ్గకముందే గుండ్రంగా వంచి కొలతకి దిద్దుతున్నారు. తర్వాత చిమటాతో ఒక్కో రాయీ అద్దుతారు. రాయి పెట్టే పని చాలావరకు పాతబస్తీ ఇళ్లల్లో ఆడవాళ్లు చేస్తారు. కొట్లో మనం చూసే ఒక జత గాజుల వెనకాల మూడు నాలుగు ఇళ్ల పొయ్యిలు వెలుగుతుంటాయి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు పేరుకి వచ్చింది. కుంపటి ముందు కూర్చున్న మనిషికి కూలి పెరిగిందా లేదా అని అడిగే వ్యవస్థ రాలేదు.

ఇప్పుడు పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌ల సంగతి. నేనూ వాడతాను. రాత్రి పదకొండింటికి పిల్లాడికి జ్వరం మందు, పాల ప్యాకెట్ తలుపు దగ్గరికి వస్తే ఎవరు కాదంటారు? అది అవసరమే. బాధ ఎక్కడంటే, ఆ సరుకు వచ్చే చోటు మన కాలనీలోనే ఉంటుంది కానీ అందులోకి మనం వెళ్లలేం. షట్టర్ సగం దించి, లోపల రాకులు, బయట బైకులు. అది వీధికి ఏమీ ఇవ్వదు. పక్క కొట్టు నుంచి తెప్పించదు, ఉద్దెర పెట్టదు, చిరునామా అడిగితే దారి చెప్పదు. కిరాణా కొట్టాయన డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనే ధర కంటే తక్కువకి అక్కడ అమ్ముతున్నారంటే, ఆ తేడాని పెట్టుబడిదారుల డబ్బు భరిస్తోందని అర్థం. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ మార్కెట్ సొంత సరుకు పెట్టుకుని అమ్మకూడదని, ధరల్ని ప్రభావితం చేయకూడదని మన నిబంధనలే చెబుతున్నాయి. 2018 డిసెంబరులో కేంద్రం వాటిని ఇంకా బిగించింది. 2020 జనవరిలో ఢిల్లీ వ్యాపారుల ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకి ఆదేశించింది. ఆ వ్యవహారం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. అన్నేళ్లు నష్టం భరించే శక్తి పెద్ద కంపెనీకి ఉంటుంది, చిన్న షట్టర్‌కి ఉండదు.

అలాగని మన బజార్లలో లోపాలు లేవని నేననను. బిల్లు అడిగితే ముఖం మారిపోయే కొట్లు చాలా ఉన్నాయి. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు ఇస్తే, చిన్న వ్యాపారులు క్యూఆర్ కోడ్‌లు తీసేసి క్యాష్ మాత్రమే అని బోర్డులు పెట్టారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా బిల్లు లేని సరుకు పాడైతే కొన్నవాళ్లకి దిక్కెవరు? కొట్లో పన్నెండు గంటలు నిలబడే కుర్రాడికి పీఎఫ్ లేదు, వారానికో సెలవు కూడా గట్టిగా లేదు. ఇంక లాడ్ బజార్‌కి, బేగంబజార్‌కి వచ్చేది ఎక్కువమంది ఆడవాళ్లే. మూడు గంటలు తిరిగాక బాత్రూమ్ ఎక్కడ అంటే ఎవరూ చెప్పలేరు. మా అమ్మ బజారుకి వెళ్లే రోజు పొద్దున్నుంచి నీళ్లు తాగదు. మాల్‌కి ఎందుకు వెళ్తారు అని అడిగేవాళ్లు ముందు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

వీటన్నిటికంటే పెద్ద భయం నిప్పు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల కొట్లు, పైన ఇల్లు ఉన్న భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో చిన్నపిల్లలు ఉన్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ చుట్టుపక్కల నేను ఎక్కి దిగిన మెట్లన్నీ గుర్తొచ్చాయి. మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని దారులు, తలకి తగిలే వైర్లు, మెట్ల కింద అట్టపెట్టెలు. పాత బజార్ల అందం గురించి రాసేవాళ్లం ఆ వైర్ల గురించి కూడా రాయాలి. ఆ వీధుల్లో మొత్తం వైరింగ్ మార్చే పని ఒక్కో యజమాని చేతిలో ఉండదు. చాలా కొట్లు పగిడీ మీద నడుస్తున్నాయి. అంటే మొదట్లో పెద్ద మొత్తం కట్టి, తర్వాత నామమాత్రపు అద్దెకి తరాలుగా ఉంటున్నారు. ఆ అద్దెతో భవనం బాగు చేయించడానికి ఓనర్‌కి మనసొప్పదు. తనది కాని గోడకి ఖర్చు పెట్టడానికి కిరాయిదారుకి ధైర్యం చాలదు. మధ్యలో భవనం శిథిలమవుతుంది. ఇక్కడ ప్రభుత్వం దిగక తప్పదు. వీధిని మొత్తంగా ఒక యూనిట్‌గా తీసుకుని కరెంటు లైన్లు, నీటి హైడ్రెంట్లు, టాయిలెట్లు వేయాలి. మొజంజాహీ మార్కెట్‌ని బాగు చేసి 2020 ఆగస్టులో తెరిచినప్పుడు ఐస్‌క్రీమ్ కొట్లు, అత్తరు కొట్లు అక్కడే ఉన్నాయి. చేయదలచుకుంటే చేయొచ్చని అదే చెబుతోంది.

మన దగ్గర తేలికగా దొరికే పరిష్కారం ఇంకొకటి ఉంది: మార్కెట్‌ని ఊరవతలికి తరలించడం. జాంబాగ్ పూల మార్కెట్ గుడిమల్కాపూర్ వెళ్లింది. ఆసుపత్రి కట్టడానికి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని బాటసింగారం పంపారు. ట్రాఫిక్ బాధ నిజమే, లారీలు ఊరి మధ్యకి రాకూడదనే వాదనా సబబే, ఆసుపత్రీ కావాల్సిందే. కానీ లైసెన్స్ ఉన్న వ్యాపారికి కొత్త చోట షెడ్డు దొరికినట్టు, ఆ మార్కెట్ గోడ పక్కన బతికే తోపుడు బండి ఆమెకి, బుట్టలు అల్లేవాళ్లకి, టీ కొట్టుకి ఏ కాగితంలోనూ చోటు ఉండదు. సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వేస్తామన్నప్పుడు అక్కడి వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి లైన్ పడింది, 2020 ఫిబ్రవరిలో రైలు నడిచింది. బజారు కూడా మిగిలింది. ఈరోజు ఆ స్టేషన్ మెట్ల మీద సంచులు మోసుకుంటూ ఎక్కేవాళ్లని చూస్తే, గిరాకీని బజారు దగ్గరికి తేవడం బజారుని ఎత్తుకెళ్లడం కంటే ఎంత మేలో తెలుస్తుంది.

ఇక కొత్త ఊరు. 2023 ఆగస్టు వేలంలో, నగరం పడమటి అంచున ఉన్న కోకాపేటలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటింది. ఆ నేల మీద 60 రూపాయల కప్లర్ అమ్మే కొట్టు ఎలా బతుకుతుంది? వేల కుటుంబాలు ఉండే టవర్ల కింద ఒక సూపర్‌మార్కెట్, ఒక సెలూన్, ఒక మందుల షాపు ఉంటాయి, అంతే. చెప్పు తెగితే కుట్టేవాళ్లు, జాకెట్టుకి హుక్కు వేసేవాళ్లు, కుక్కర్‌కి వాషర్ మార్చేవాళ్లు ఉండరు. వాళ్లు ఎక్కడున్నారో తెలుసా? మణికొండ, నార్సింగి, కొండాపూర్‌లలో పాత ఊరు ఉన్న సందుల్లో. లేఅవుట్ పడకముందు నుంచి ఉన్న ఆ గ్రామకంఠం ఇళ్ల కింద, చిన్న షట్టర్లలో. ప్లాన్ గీసిన కొత్త ఊరికి కావాల్సిన మరమ్మతు పనంతా ప్లాన్‌లో లేని పాత ఊరు చేస్తోంది. పార్కుకి, రోడ్డుకి స్థలం వదలాలని లేఅవుట్ నియమం పెట్టగలిగినప్పుడు, పదడుగుల షట్టర్లు ఒక వరుస కట్టి స్థానికులకి తక్కువ అద్దెకి ఇవ్వాలని నియమం పెట్టడం అంత కష్టమా? ఆ వరుస కూడా ఒకే చోట ఉండాలి, టవర్‌కి ఒకటి చొప్పున చెదరగొట్టకూడదు.

మణికొండ పాత ఊళ్లో ఒక మిక్సీ మెకానిక్ ఉన్నాడు. కోఠి నుంచి వచ్చాక మా చెల్లెలి గ్రైండర్ తీసుకుని అతని దగ్గరికి వెళ్లాను. బల్ల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించాడు. అందులో అరిగిపోయిన కప్లర్లు, తెగిన బెల్టులు, కాలిపోయిన స్విచ్‌లు. ఒక్కోదానికి దారంతో చిన్న చీటీ కట్టి, చీటీ మీద ఫ్లాట్ నంబరు రాసుకున్నాడు. మా చెల్లెలి గ్రైండర్ బెల్టు కూడా విప్పి, చీటీ కట్టి అందులో వేశాడు. "మంగళవారం కోఠి పోతా మేడమ్. అప్పటిదాకా ఆగండి" అన్నాడు.