సెయింట్ లూయిస్ బ్లూస్ గెలుపు అద్భుతం కాదండీ

మోటివేషన్ పేరుతో ఒక పోస్టు మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. "2019 జనవరి 3న 31 జట్లలో ఆఖరున ఉన్న సెయింట్ లూయిస్ బ్లూస్ జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచింది. పనికిరాని జట్టు, ఎవరికీ తెలియని గోలీ వచ్చి ఒక్కడే గెలిపించాడు, అదృష్టం కలిసొచ్చింది" అని దాని సారాంశం. తేదీ నిజమే, స్థానమూ నిజమే. మిగతాదే నాకు మింగుడుపడదు. మన దగ్గర హాకీ అంటే మైదానంలో ఆడేదే గుర్తొస్తుంది కానీ ఇది మంచు మీద ఆడే ఐస్ హాకీ. స్టాన్లీ కప్ అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే NHL లీగ్ కప్పు, గోలీ అంటే గోల్‌కీపర్. ఆ సీజన్ టెన్షన్ పడుతూ చూసినవాణ్ణి, ఒక్కో మాటకీ జవాబు చెబుతా.

ముందు "పనికిరాని జట్టు" సంగతి. అంతకుముందు సీజన్‌లో బ్లూస్ 94 పాయింట్లు (గెలుపుకి రెండు) తెచ్చుకుని, ఒకే ఒక్క పాయింటు తేడాతో ప్లేఆఫ్స్ (కప్ కోసం జరిగే నాకౌట్ రౌండ్లు, ఒక్కో రౌండ్లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళు ముందుకెళ్తారు) పోగొట్టుకుంది. 2018 వేసవిలో బఫెలో నుంచి ర్యాన్ ఓరైలీని తీసుకున్నారు, డేవిడ్ పెరాన్‌ని వెనక్కి రప్పించారు, బోజాక్‌తో పాటు సొంతూరివాడు ప్యాట్ మరూన్ కూడా వచ్చాడు. తరాసెంకో, ష్వార్ట్జ్, పియెట్రాంజెలో అప్పటికే ఉన్నారు. ఇలాంటి జట్టు అట్టడుగుకు పడిపోవడమే వింత, పైకి లేవడం కాదు. జనవరి 3 నాటికి 37 మ్యాచ్‌ల్లో వచ్చినవి 34 పాయింట్లు, ఇంకా 45 మ్యాచ్‌లు మిగిలే ఉన్నాయి. వాటిలో 30 గెలిచి, మొత్తం 99 పాయింట్లతో సెంట్రల్ డివిజన్‌లో మూడో స్థానానికి వచ్చారు.

"ఒక్కడే గెలిపించాడు" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. జోర్డన్ బిన్నింగ్టన్ జనవరి 7న ఫిలడెల్ఫియాలో మొదటిసారి స్టార్టింగ్ గోలీగా దిగి ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, ఆ సీజన్‌లో అతని ఖాతాలో 24 గెలుపులు పడ్డాయి. ముందు సీజన్‌లో అతణ్ణి ఆడించడానికి చోటులేక బోస్టన్ వాళ్ళ కింది స్థాయి జట్టుకి అరువిచ్చారు, చివరికి అదే బోస్టన్ మీద కప్ గెలిచాడు. గొప్ప కథే, కాదనను. కానీ మార్పు అతనికంటే ముందే మొదలైంది. నవంబర్ 19న కోచ్ మైక్ యోని తీసేసి, క్రెయిగ్ బెరూబేకి తాత్కాలికంగా అప్పగించారు. వెంటనే ఏమీ బాగుపడలేదు, డిసెంబర్‌లో ప్రాక్టీసులోనే శాన్‌ఫర్డ్, బోర్టుజో ఒకరినొకరు కొట్టుకున్నారు. ఆ వీడియో చూసి ఇక ఈ జట్టు పని అయిపోయిందనుకున్నాం. అదే బోర్టుజో ఫైనల్ రెండో మ్యాచ్‌లో, అదే శాన్‌ఫర్డ్ ఏడో మ్యాచ్‌లో గోల్ కొట్టారు.

పైగా ప్లేఆఫ్స్‌లో బిన్నింగ్టన్ ప్రతిరోజూ గోడలా నిలబడలేదు. ఫైనల్ మూడో మ్యాచ్‌లో 5 గోల్స్ ఇచ్చాక అతణ్ణి బయటికి తీశారు, బ్లూస్ 7-2తో ఓడింది. ప్లేఆఫ్స్ మొత్తంలో 10 ఓటములు, వాటిలో 8 సార్లు తర్వాతి మ్యాచ్ గెలిచారు. ఇది ఒక్క మనిషి పని కాదు. ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ వచ్చింది ఓరైలీకి, పక్కటెముక విరిగినా ఆడుతూ 26 మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) తెచ్చాడు, ఫైనల్ చివరి నాలుగు మ్యాచ్‌ల్లోనూ గోల్ చేశాడు. సీజనంతా 11 గోల్స్ మాత్రమే చేసిన ష్వార్ట్జ్ ప్లేఆఫ్స్‌లో 12 చేశాడు.

ఏడో మ్యాచ్ మొదటి ఇరవై నిమిషాలు మాత్రం బిన్నింగ్టన్‌వే, ఒప్పుకుంటా. బోస్టన్ 12 షాట్లు కొడితే అన్నీ ఆపాడు. బ్లూస్ కొట్టింది నాలుగే, అందులో రెండు గోల్స్. రెండోది నా కళ్ళల్లో ఇంకా ఆడుతూనే ఉంది: ఆ ఇరవై నిమిషాల పీరియడ్ ముగియడానికి ఎనిమిది సెకన్లు కూడా లేవు, బోస్టన్ ఆటగాడు మార్షాండ్ తన బదులు ఇంకొకరు దిగేందుకు బెంచి వైపు వెళ్ళాడు, ఆ ఖాళీలోకి పియెట్రాంజెలో దూసుకొచ్చి పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) అటునుంచి ఇటు మార్చి పైకి లేపేశాడు. చివరికి 4-1.

ఇక "అదృష్టం". రిఫరీలు సాయపడ్డారని ఫైనల్ ఐదో మ్యాచ్ చూపిస్తారు. బోజాక్ కాలు తగిలి బోస్టన్ ఆటగాడు అచ్చారి పడిపోయాడు, విజిల్ మోగలేదు, సెకన్లలో పెరాన్ గోల్. అది తప్పే, బోస్టన్ వాళ్ళ కోపంలో న్యాయముంది. మరి అంతకుముందు రౌండ్లో శాన్ హోసే మీద మూడో మ్యాచ్ మాటేమిటి? శాన్ హోసే ఆటగాడు మైయర్ నిబంధనకి విరుద్ధంగా పక్‌ని చేత్తో నెట్టాక, అతని జట్టువాడు కార్ల్‌సన్ ఓవర్‌టైమ్‌లో (సమమైతే ఆడే అదనపు సమయం) కొట్టిన గోల్‌ని రిఫరీలు చెల్లుతుందన్నారు. ఏడుస్తూ కూర్చోకుండా బ్లూస్ వరసగా మూడు గెలిచింది, 2-1, 5-0, 5-1.

నాలుగు డివిజన్ల విజేతలూ మొదటి రౌండ్లోనే పోయారన్నది నిజం, 62 మ్యాచ్‌లు గెలిచిన టాంపా కూడా. అది కొంత కలిసొచ్చిందే. కానీ రెండో రౌండ్లో డాలస్ మీద ఏడో మ్యాచ్ రెండో ఓవర్‌టైమ్‌కి వెళ్తే మరూన్ గోల్‌తో బయటపడ్డారు. ప్లేఆఫ్స్‌లోని 16 గెలుపుల్లో 10 పరాయి ఊళ్ళలో వచ్చినవే.

ఇంకొకటి ఆ పోస్టులో ఎప్పుడూ రాయరు. 1967లో మొదలైన ఈ జట్టు, 2019 ఫైనల్ మొదటి మ్యాచ్‌తో కలిపి, ఫైనల్లో ఆడిన 13 మ్యాచ్‌లూ ఓడింది. రెండో మ్యాచ్ చివర్లో బ్లూస్ ఆటగాడు గన్నార్‌సన్ కొట్టిన షాట్ స్తంభానికి తగిలింది. ఓవర్‌టైమ్‌కి ముందు బాత్రూమ్‌లో కోచ్ పక్కన నిలబడి, ఇంకొక్క ఛాన్స్ వస్తే చాలన్నాడట. నాలుగు నిమిషాల్లోపే వచ్చింది, కొట్టాడు. ప్లేఆఫ్స్‌లో అది అతని మొట్టమొదటి గోల్.