నక్షత్రం తరఫున వకాల్తా

ఆకాశం విషయంలో నెల్లూరు వాళ్లకు కొంత గారాబం జరిగిందని ముందుగా ఒప్పుకోవాలి. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లా లెక్కలోకి వెళ్లినా, రాకెట్టు మాత్రం ఇప్పటికీ మన మేడల మీదికి కనిపిస్తూనే ఉంది. పైగా అది ఎప్పుడు లేస్తుందో గంట, నిమిషం, సెకనుతో సహా ముందే చెబుతారు, లేవకపోతే ఎందుకు లేవలేదో కూడా చెబుతారు. ఇలా కౌంట్‌డౌన్ వింటూ పెరిగిన జనం, దాదాపు ఎనభై ఏళ్లకు ఒకసారి వెలిగే నక్షత్రం ఇస్తానన్న దర్శనం ఇవ్వలేదని అలగడంలో వింత లేదు. అలిగి ఊరుకుంటే బాగుండేది. మోసం, కాలయాపన, మధ్యతరగతి ప్రజల నిద్ర పాడుచేయడం అంటూ అభియోగాలే మోపుతున్నారు. ప్రతివాదికి ఈ ప్రాంతంలో బంధుబలగం లేదు, సిఫారసు ఉత్తరం రాసిపెట్టే నాయకుడూ లేడు. అందుచేత ఫీజు ఆశించకుండా నేనే వకాల్తా పుచ్చుకుంటున్నాను.

నా కక్షిదారు పేరు టీ కొరోనే బొరియాలిస్. నివాసం ఉత్తర కిరీటం అనే నక్షత్రరాశి, ఇక్కడికి సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరం, అంటే వెలుగుకే మూడువేల ఏళ్ల ప్రయాణం. ఒక్కరే అన్నట్టు మాట్లాడుతున్నాను గాని, ఆ చిరునామాలో ఉన్నది ఇద్దరు. ఒకరు బాగా ఉబ్బిపోయిన అరుణ మహాతార; రెండోవారు భూమంత ఒంట్లో సూర్యుడిని మించిన బరువు దాచుకున్న శ్వేత కుబ్జ తార. ఇద్దరూ 227 రోజుల పైచిలుకుకు ఒకసారి ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతుంటారు. ఉదయగిరి మెట్టపొలాల్లో ఏటా దుక్కికి ఒక చాలు చొప్పున గట్టు జరుపుకొనే ఆసామిలాగా, ఈ చిన్నవాడు పక్కవాడి హైడ్రోజన్‌ను కొంచెం కొంచెంగా తన మీదికి లాక్కుంటాడు. లాక్కున్న సరుకు దశాబ్దాల పాటు పోగుపడి, దాని అడుగున ఒత్తిడీ వేడీ హద్దు మీరాక, కేంద్రక సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం, అదుపు తప్పి పైపొర మొత్తం ఒక్కసారిగా ఎగిరిపోతుంది. దీన్నే నోవా అంటారు. తార మాత్రం చెక్కుచెదరదు, మళ్లీ మొదటి నుంచి గట్టు జరపడం మొదలుపెడుతుంది. గట్టు తగాదాలు తాత నుంచి మనవడి దాకా నడవడం చూసిన మన సివిల్ కోర్టు గుమాస్తాలకు ఇందులో కొత్తగా వివరించవలసింది ఏమీ లేదు.

ఇక కాలయాపన సంగతి. 2024లో వెలుగుతానని నా కక్షిదారు ఎవరికీ మాట ఇవ్వలేదు. రికార్డు చూడండి: 1866 మే 12న ఒకసారి, 1946 ఫిబ్రవరిలో మరొకసారి. మధ్య వ్యవధి ఎనభై ఏళ్లకు మూడు నెలలు తక్కువ. ఈ లెక్కన తదుపరి హాజరు ఎప్పుడో మార్కాపురం పలక మీద కూడికలు నేర్చిన పిల్లవాడైనా చెప్పగలడు, ఆ సమాధానం 2024 కాదు. అయితే 1946కు ముందు ఏడాది ఈ తార కాస్త మసకబారిందనీ, 2023లో మళ్లీ అలాగే మసకబారిందనీ గమనించి, లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని బ్రాడ్ షేఫర్ గారు 2024 అన్నారు. సెప్టెంబరులోగా అని నాసా వారు గడువు పెట్టారు. ఆ సెప్టెంబరు వెళ్లిపోయింది. తర్వాత పారిస్‌కు చెందిన ఒక శాస్త్రవేత్త పాత విస్ఫోటనాల మధ్య కాలాన్ని ఆ 227 రోజులతో భాగించి, 2025 మార్చి 27 అన్నారు. అప్పుడు కాకపోతే మరో చుట్టు తరువాత నవంబరు 10, అదీ కాకపోతే 2026 జూన్ 25. మార్చి 27 కూడా మామూలుగానే తెల్లవారింది. వాయిదాకూ వాయిదాకూ మధ్య 228 రోజులు ఇచ్చే న్యాయస్థానం ఖగోళంలో ఉంటే మనవాళ్లు ముక్కున వేలేసుకోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మనవాళ్లు తిరగని కోర్టా, చూడని వాయిదాలా?

అసలు ఎదురుచూపులో మన పక్క జిల్లాకు ఉన్న అనుభవం ముందు ఈ తార ఏపాటిది? వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్లతో పళ్లు గారపట్టిన ఒక తరం కృష్ణా నీళ్ల కోసం చూస్తూనే పెద్దదైంది. జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు, అంకితంతో పాటు నీళ్లు మాత్రం రాలేదు. అక్కడి రైతు ఇన్నేళ్లలో ఒక్క రాత్రి కూడా మేడ ఎక్కి ఆకాశాన్ని తిట్టలేదు. ఈ తారకు వర్తించే ప్రమాణాన్నే ప్రాజెక్టుకూ వర్తింపజేస్తే 2076 దాకా ఎవరినీ ప్రశ్నించడానికి వీల్లేదు. ఈ వాదనను సంబంధిత శాఖ వారు ఉచితంగా వాడుకోవచ్చు.

మరొక చట్టపరమైన చిక్కు ఉంది. నా కక్షిదారు పేలితే ఆ పేలుడు జరిగి ఇప్పటికి మూడువేల ఏళ్లు; వెలుగు ఇంకా దారిలో ఉందంతే. కృత్యం జరిగి ఇంతకాలమైన ఫిర్యాదును కాలదోషం పేరుతో ఏ మున్సిఫ్ అయినా మొదటి విచారణలోనే కొట్టివేస్తారు.

మోసం అనే అభియోగానికి టీవీ వారు బాధ్యులు. ఆకాశం బద్దలవుతుందన్నట్టు చెప్పి, పన్నెండు రాశులకూ ఫలితాలు పంచారు. నిజంగా జరిగేదేమిటంటే, మామూలుగా బైనాక్యులర్‌లో కూడా కష్టంగా దొరికే, కాంతి లెక్కలో పదో తరగతికి చెందిన మసక చుక్క ఒక్కసారిగా వెయ్యి రెట్లకు పైగా వెలుగు పెంచుకొని, ధ్రువ నక్షత్రమంత కాంతితో కొద్ది రోజుల పాటు కంటికి కనిపించి, మళ్లీ సద్దుమణుగుతుంది. శబ్దం లేదు, పొగ లేదు. కొత్త చుక్క వచ్చిందని గుర్తుపట్టాలంటే అంతకుముందు అక్కడ ఏమీ లేదని తెలిసి ఉండాలి. అంటే ముందు ఖాళీని కంఠస్థం చేయాలి. జూన్‌లో రాత్రి పదిన్నర గంటల వేళ దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరంగా చూడండి. సప్తర్షుల తోక వంపు వెంట వెళితే స్వాతి దొరుకుతుంది. స్వాతి నుంచి అభిజిత్తు వైపు మూడో వంతు దూరం నడిస్తే సన్నని చుక్కల అర్ధవలయం ఉంటుంది; అదే ఉత్తర కిరీటం. మా వీధి హైమాస్ట్ దీపం పుణ్యాన ఆ వలయంలో నాకు ఒకే ఒక చుక్క కనిపిస్తుంది. పక్కవాటా ఆయన నీళ్ల ట్యాంకు మూత వేయడానికి వచ్చి, "ఏంది సార్, అట్టా చూస్తా ఉండారు?" అని అడిగారు. ఖాళీని చూస్తున్నానన్నాను. ఆయన కూడా కాసేపు చూసి, "బానే ఉండాది సార్" అని మర్యాదగా దిగిపోయారు.

నిద్ర పాడు చేసిందన్న ఆరోపణకు జవాబు సాక్షులే చెబుతారు. 1866లో దీన్ని చూసిన ఐర్లాండు వాసి జాన్ బర్మింగ్‌హామ్ దాని కోసం కాపు కాయలేదు. మిత్రుడి ఇంటి నుంచి నడిచి వస్తూ తలెత్తాడు, అది కనిపించింది. అమెరికాలో లెస్లీ పెల్టియర్ మాత్రం పాతికేళ్ల పాటు దీన్ని కనిపెట్టుకొని ఉన్నాడు. 1946 ఫిబ్రవరిలో ఆ ఒక్క రాత్రి తెల్లవారుజామున లేచి, జలుబు చేసేలా ఉందని మళ్లీ పడుకున్నాడు. తార ఆ రాత్రే వెలిగింది. ప్రతివాది హాజరై, వాది గైర్హాజరైతే కేసు ఏమవుతుందో వకీళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

న్యాయమార్గం ఇలా ఉండగా, దైవమార్గం కూడా వదలరాదని స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో నక్షత్ర రొట్టె కోసం విచారించాను. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరుకునేవారు పుచ్చుకుంటారు; ఆనవాయితీ ప్రకారం నాకు ఇవ్వదగినవారు 1946 ఫిబ్రవరిలో ఆ తారను కళ్లారా చూసినవారే అయి ఉండాలి. అంతటి పెద్దలు ఎవరైనా నీళ్లలో దిగి ఉన్నారేమోనని ఒడ్డున ఉన్న కుర్రవాడిని అడిగాను.

"నక్షత్రం రొట్టా? అట్టాంటిది లేదన్నా. విదేశీ రొట్టె ఉండాది, కావాలంటే ఆ వరసలోకి పో."

విదేశీ రొట్టె 3,000 కాంతి సంవత్సరాల దూరానికి వర్తిస్తుందా అని అడిగాను. వీసా వస్తే ఎంత దూరమైనా వర్తిస్తుందన్నాడు.